మావయ్య తెచ్చిన లడ్డూలు

శనివారం రాత్రి, కోహ్కా

నాన్న కంటి ఆపరేషన్‌కని సెలవు మీద వచ్చాను కాబట్టి, ఈ రోజు మా రాకెట్ ప్రయోగాన్ని ఇంట్లో టీవీలోనే చూశాను. బాగానే లేచింది. మూడో దశ ఇంజనే వెలగలేదు. అందులో ఇంధనం వదిలే వాల్వును పరీక్షించి పంపింది నేను.

సాయంత్రం క్యాంప్ 2లో ఉండే మావయ్య డ్యూటీ దిగి, లడ్డూల డబ్బాతో నేరుగా ఇక్కడికే వచ్చాడు. పొద్దున్న రాకెట్ లేవగానే టీవీ కట్టేసి షిఫ్టుకు పరిగెత్తాడట. స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర ఫోను చూసే వీలుండదు.

"ఏటే, మొహం అలాగ ఏలాడేసినావు? మా మేనకోడలి రాకెట్టని ఫర్నేసు షాపులో అందరికీ పంచీసినాను. భయ్యాలంతా నీకు బధాయీ చెప్పమన్నారు."

నేను డబ్బా అందుకుని నాన్న పక్కన పెట్టాను. నాన్న కంటికి కట్టుతోనే చెయ్యి చాచి, ఒక లడ్డూ మొత్తం తిన్నాడు. పొద్దున్న టీవీలో మాటలు ఆగిపోగానే నా చెయ్యి పట్టుకున్నది ఆయనే.

మావయ్య వెళ్లాక అడిగాను, "నిజం చెప్పలేదేటి నాన్నా?"

"పైకి లెగిసింది అబద్ధమేటే? దానికే తిన్నాను."

నేను సగమే తినగలిగాను. రేపు రాయ్‌పూర్‌లో విమానం ఎక్కాలి. వాల్వు గురించి విచారణ కమిటీ ఏమడిగినా చెప్పగలను. కానీ తెల్లారేసరికి పేపర్లో వచ్చేస్తుంది. ఆ లడ్డూలు తిన్నవాళ్లే షాపులో మావయ్యకు చెబుతారు. ఆయన డ్యూటీకి బయల్దేరేలోపు నేనే ఫోన్ చెయ్యాలి. ఏమని మొదలుపెట్టాలో...