వేడి సగం

మావా, బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి రెండు వానాకాలాలు దాటాయి. నేను బాగానే ఉన్నాను. మోకాళ్లు బాగాలేవు గానీ కోపం బాగానే ఉంది. నాకు అక్షరం ముక్క రాదు కదా... చెప్తున్నది నేను, రాస్తున్నది మన మనవరాలు. ఒక్క మాట కూడా మెత్తగా మార్చకుండా రాయమన్నాను.

మిషన్ హాస్టల్‌లో వంట చేసే రాహేలు సంగతి మాట్లాడాలి నీతో. ఉలిక్కిపడ్డావా?

ఎన్నేళ్లు మోశావు ఆ హాస్టల్‌కి కట్టెలు! మోసిన ప్రతిసారీ సాయంత్రానికి నీ తువ్వాలు మూటలో రాహేలు కాల్చిన రొట్టె. రొట్టె అంటున్నాను గానీ సగం రొట్టె. వేడి సగం నువ్వు తినేసి, చల్లారిన సగం నాకు తెచ్చేవాడివి. నేను మూతి ముడిస్తే ఏమనేవాడివి?

"ఏటే ఆ మూతి? ఆకలేసి తినేసినాను. బేగి తిను, ఇంకా గట్టిపడిపోతాది."

ఎక్కడ తిన్నావని నేను అడగలేదు. ఆమె పొయ్యి పక్కన, ఆమె వేసిన పీట మీద కూర్చుని తిన్నావనే అనుకున్నాను. పైగా ఒక పొగడ్త కూడానూ. "ఓలే సుక్రీ, నీ సేతి సోడంబలికి సాటి లేదు గానీ, రొట్టంటే రాహేలుదేనే. దూదినాగుంటాది." నా చోడంబలి తాగిన బలంతో ఆమెకు కట్టెలు మోసి, ఆమె రొట్టెను దూది అంటావా? ఆ మాట ఇంకా నా గొంతులో పనసగింజలా ఇరుక్కునే ఉంది.

పోయిన ఏడు సమాధుల పండగకి వలిసె పూలు కోసుకుని కొండెక్కి వచ్చాను. అప్పటికే నీ సమాధి మీద రొట్టె ఉంది. గుండ్రంగా, ఎర్రగా కాలి, నీకు ఇష్టమైనట్టే. రాహేలు నాకంటే ముందు వచ్చి పెట్టిపోయింది. కట్టుకున్నదాన్ని నేను... నా పూలు ఓ పక్కన సర్దుకోవాల్సి వచ్చింది. లోపల నవ్వుకున్నావా, మావా?

అందుకే ఈ ఏడు నేనే కాల్చాలని పట్టుబట్టాను. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కాల్చింది లేదు. సంతలో మైదా కొన్నాను. పిండి పొంగడానికి ఈస్టు అని చిన్న పొట్లం ఉంటే అదీ కొన్నాను. గోరువెచ్చని నీళ్లు పోయాలని మనవరాలు పొట్లం మీద చదివి చెప్పింది. పిండి అన్నాక మరిగే నీళ్లు పడాలి గానీ గోరువెచ్చన ఏమిటి? చోడిపిండి ఎప్పుడైనా అలా ఉడికిందా? సలసల కాగే ఎసరు పోసేశాను. సగం పొద్దు కాచుకుని కూర్చున్నాను. పిండి లేవలేదు. జిగురుముద్దలా పడుకుంది... నీలాగే, ఎంత పిలిచినా.

ఆ ముద్ద పందికి వేశాను. పంది కూడా వాసన చూసి నా ముఖం చూసింది.

పండగనాడు పొద్దున్నే లేచి మళ్లీ కలిపాను. ఈసారి చేతికి వేడి తెలిసీ తెలియని నీళ్లు. పొంగింది మావా! నెలలు నిండిన కడుపులా పొంగింది. కుండలో ఇసుక పోసి, లోపల పళ్లెంలో పిండి పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చాను. అడుగు మాడింది. పైన బీటలు. దూది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ వాసన వచ్చింది చూడు... అచ్చం నీ తువ్వాలు వాసన. పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత రెండుగా విరిచాను. వేడి సగం నేను తిన్నాను. పొయ్యి పక్కనే, నాలుక కాలుతున్నా తిన్నాను. చల్లారిన సగం నీ తువ్వాల్లోనే కట్టి నీకు తెచ్చి పెట్టాను. ఎలా ఉంటుందో తెలిసిందా, చల్లారిన సగం?

ఇంతలో రాహేలు కర్ర పోటేసుకుంటూ వచ్చింది, చేతిలో తన రొట్టె. నీ తల దగ్గర నా ముక్క చూసి, తనది కాళ్ల దగ్గర పెట్టింది. మర్యాద తెలిసిన మనిషే, ఏం చేస్తాం. మిగతా సగం ఏదని అడిగింది. తినేశానన్నాను. ఎందుకు తిన్నానో కూడా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నువ్వు ఏనాడూ ఆమె వంటింటి గడప తొక్కలేదట. కట్టెలు దించి, రొట్టె తువ్వాల్లో కట్టుకుని, ఇంటికి వేడిగా అందాలంటూ పరుగెత్తేవాడివట.

నమ్మమంటావా? అయితే ఆ సగం ఎక్కడ తిన్నావు? మన కొండదారిలో, నడుస్తూనా? ఆకలికి ఆగలేక... ఒక్కడివేనా? మరి ఆ ఒక్క ముక్క నాతో చెప్పడానికి నీకు నోరు రాలేదేం?

ఆమె అబద్ధమాడిందనే అనుకుంటున్నాను. ఇన్నేళ్లు పెంచుకున్న కుళ్లు, ఒక్క మాటకి ఎక్కడికి పోతుంది?

వచ్చే పండగకి అడుగు మాడకుండా కాలుస్తాను. వేడి సగం నీకే. పరుగెత్తలేను గానీ, దారిలో ఎక్కడా ఆగను. నువ్వు మాత్రం ముందు నాదే తినాలి. ముందు ఆమెది ముట్టుకున్నావో... నేను అక్కడికి వచ్చాక ఉంటుంది నీ సంగతి.

కింద నా వేలిముద్ర వేశాను. మసి అంటిన వేలే, కడుక్కోలేదు.

సుక్రి