సెలవు చీటీలో జ్వరం

జూలై 4
ఉదయం 8:10. గేటు దగ్గర సమీర్, మనవరాలు శ్రావ్య క్లాస్‌మేట్. "అమ్మమ్మా, శ్రావ్యకు నెలసరి నొప్పట గదా. గోలీలు తెచ్చిన. వేడినీళ్ల సంచి మా అమ్మ ఇచ్చింది."
గుమ్మంలోనే అందుకుని పంపేశాను. మగపిల్లవాడు. ఆ మాట, వీధిలో నిలబడి!
లోపలికి వెళ్లి మనవరాలిని నిలదీశాను. "వానికెట్ల చెప్పినవే?"
"నొప్పైతాంది, కాలేజీకి రానని చెప్పిన. అందుల ఏమున్నదే అమ్మమ్మా? మరి నువ్వు, నీ దోస్తులు ఏం చెప్పుకునేటోళ్లు?"
"ఆల్జీబ్రా."
అంత నొప్పిలోనూ పక్క మీద దొర్లి నవ్వింది.

జూలై 5
నా కాలేజీ రోజులు. నెక్కొండ నుంచి వరంగల్‌కు ప్యాసింజర్ బండి. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్క నేను, నా పక్కన స్నేహితురాలు జుబేదా. మూడేళ్లు. ఉప్పూకారం అద్దిన జామకాయ... పెద్ద సగం ఎప్పుడూ నాకే. నా సెలవు చీటీ ఆమె రాసేది, ఆమెది నేను. నెలనెలా ఒకటే కారణం, జ్వరం. అసలు సంగతి ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

జూలై 6
చివరి ఏడాది జుబేదా వరుసగా పదకొండు రోజులు రాలేదు. అప్పుడూ రాసిచ్చాను, జ్వరమని. దవాఖానకు వెళ్లి చూశాను. పాలిపోయి ఉంది. నా చేయి పట్టుకుని ఏదో చెప్పబోయింది... నేను పరీక్షల టైంటేబుల్ చదివి వినిపించాను.
ఆమె మళ్లీ బండి ఎక్కలేదు. ఏం జబ్బో ఈనాటికీ తెలియదు.

జూలై 9
మళ్లీ రక్తం. ముట్లు ఆగి పద్దెనిమిదేళ్లు. మార్చి నుంచి ఇది నాలుగోసారి. తేదీలన్నీ ఈ డైరీ చివరి పేజీలో ఉన్నాయి, పెన్సిల్‌తో. కూతురికి చెప్పలేదు. డాక్టరుకూ చెప్పలేదు.
సాయంత్రం శ్రావ్య: "మొఖం గట్లున్నదేందే?"
"జర జ్వరం."
నుదుటి మీద చేయి పెట్టింది. "సల్లగనే ఉన్నవ్ గదనే." చేయి మాత్రం వెంటనే తీయలేదు.

జూలై 10
నోటితో చెప్పడం నా వల్ల కాదు. నాలుగు తేదీలూ ఒక కాగితం మీదికి ఎక్కించాను. కారణం దగ్గర చేయి దానంతట అదే 'జ్వరం' అని రాసింది. కొట్టేశాను. కింద రాశాను, ఉన్నది ఉన్నట్టు. మడిచి, శ్రావ్య సంచిలో టిఫిన్ డబ్బా మీద పెట్టాను.
8:40. కాలేజీకి హసన్‌పర్తి బస్సెక్కింది.
పిల్లలు అన్నం తినేది పన్నెండున్నరకు. సమీర్ పక్కనే ఉంటాడు. వాడూ చదువుతాడేమో... చదివితే చదవనీ.
12:50. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.