ఎడమ సీటు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. రేపు నా లారీని ఇంగ్లండ్ రేవు డోవర్‌లో ఫెర్రీ ఎక్కించి ఫ్రాన్స్ తీసుకెళ్తున్నాను. లైసెన్సు వచ్చి ఆరు వారాలే అయింది.

"డాక్టరుగారి భార్యవి, నీకు లారీ ఏంటమ్మా?" అంది గుళ్లో ఓ ఆంటీ.

"ఎక్కండి ఆంటీ, ఇంటి దగ్గర దింపుతాను" అన్నాను.

నేను కారు నడుపుతుంటే మీరు ఎడమ సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కేవారు. దింపేస్తానని అరిచేదాన్ని. ఫ్రాన్స్‌లో రోడ్డుకి కుడివైపు నడపాలి. నా స్టీరింగూ కుడివైపే. అందుకని ముందున్న బండిని దాటేటప్పుడు, ఎదురొచ్చేది ఎడమ సీట్లో ఉన్నవాళ్లకే ముందు కనిపిస్తుంది.

"మొదటి ట్రిప్పు కదా, పక్కన ఒకర్ని పంపనా?" అని మేనేజర్ అడిగాడు.

ఆ సీటు ఖాళీ లేదన్నాను.

బ్రేకు మాత్రం నేనే తొక్కుతాను.