మాస్టారి లాప్‌టాప్‌ని ఐసులో పెట్టిన సంగతి

పటమట,
విజయవాడ.

పెద్దన్నయ్యకి,

చెల్లెలు నాంచారి నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. నువ్వు, వదిన, పిల్లలు, అమ్మ, నాన్న కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్నకి దగ్గు తగ్గిందా? మోకాళ్ళకి నేను పంపిన తైలం అమ్మ రాసుకుంటోందా, లేక మూత కూడా తియ్యకుండా బీరువాలో దాచిందా? ఫోన్‌లో అడిగితే "ఆ, ఆ" అంటుంది. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు వేటకి వెళితే అయిదారు రోజులు సిగ్నల్ ఉండదు. ఇదైతే జేబులో పెట్టుకుని బోటు మీద తీరిగ్గా చదువుకుంటావు. పైగా ఫోన్‌లో నేను నాలుగు మాటలు చెప్పేలోపు "సరేలే, జాగ్రత్త" అని పెట్టేస్తావు. ఈసారి నా మాట మధ్యలో తెంపడం నీ వల్ల కాదు.

నేనొచ్చి నాలుగు నెలలైంది. మొదటి నెల ఏడుపే. రోడ్డు మీద ఇంతమంది మనుషులు, ఒక్కరూ మనవాళ్ళు కారు. హోటల్లో చేపల పులుసని పోసేది చూస్తే అమ్మ వాళ్ళ చేత ఆ చేపకి క్షమాపణ చెప్పిస్తుంది. ఇప్పుడు ఫరవాలేదు, అలవాటైంది. నాతో గదిలో ఉండే పిల్ల మంచిది, ఎండు చేపల వాసన ఒక్కటే పడదు. శివరాత్రి వెళ్ళి నాలుగు వారాలు కాలేదు, ఎండ అప్పుడే నడినెత్తిన కూర్చుంది. సముద్రం మీద మాడేవాడికి నేను ఎండ గురించి చెప్పడం రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే గాని, అక్కడ నీకు గాలైనా ఉంటుంది. నిజంగా బాగానే ఉన్నాను, అమ్మతో అలాగే చెప్పు.

మా షాపు గురించి చెప్పాను కదా, లాప్‌టాప్‌లు బాగుచేసే షాపు. యజమాని రహీమా మేడం. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్నగారు వన్ టౌన్‌లో రేడియోలు బాగుచేసేవారట, ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుందట. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు పోయి ఇవొచ్చాయి, ఆవిడ మాత్రం ఆ స్టూలు దిగలేదు. ఇప్పుడు రంజాన్ రోజాలు. పొద్దుటి నుంచి గుటకెడు మంచినీళ్ళు కూడా తాగకుండా ఆ ఎండలో స్క్రూలు విప్పుతుంది. ఒక్కసారి విసుక్కోదు. నేను మాత్రం పదకొండింటికే టిఫిన్ అరిగిపోయి అందరి మీదా మండిపడుతుంటాను. ఎంతసేపూ ఆవిడని ఆకాశానికెత్తేస్తున్నానని వదిన ఏడిపిస్తుందని తెలుసు. ఇది చదివాక తనే ఎత్తుతుంది.

పదిహేను రోజుల కిందట కూచిపూడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, నాట్యం నేర్పే మాస్టారు. పామర్రులో బస్సు మారి, ఆ వయసులో ఒక్కరే వచ్చారు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇందులో నా పాఠాలున్నాయమ్మా. అన్నీ తుడిచేసి ఇవ్వండి. మా మనవరాలికి కాలేజీకి కావాలంట" అన్నారు.

"తుడిచేస్తే మళ్ళీ రావండీ. ఇంకెక్కడన్నా కాపీ ఉందా?" అని అడిగింది మేడం.

"అక్కర్లేదమ్మా. పాఠం చెప్పడం మానేశాను."

ఇంకెవరైనా అయితే చీటీ రాసి లోపల పెట్టేవాళ్ళు. మేడం చేతిలో పెన్ను కింద పెట్టేసింది. "ముందు కూర్చోండి. నాంచారీ, మాస్టారికి మంచినీళ్ళివ్వమ్మా" అంది. ఆ నీళ్ళు తాగుతూ ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు.

ఆయనకి వేరే ఊళ్ళలో శిష్యురాళ్ళున్నారు. ఈయన ఇంట్లో కూర్చుని చేతి తాళాలతో జతి చెబుతారు, వాళ్ళు అక్కడ అడుగు వేస్తారు, లాప్‌టాప్‌లో ఈయన చూస్తారు. దూరం కాబట్టి పాదం ఎప్పుడూ రవ్వంత ఆలస్యంగానే కనిపించేదట. కానీ ఎప్పుడూ ఒకే ఆలస్యం కాబట్టి అలవాటైపోయింది. ఈ మధ్య అది కుదురు తప్పింది. ఒకసారి ముందు, ఒకసారి వెనక. రాజమండ్రిలో హారిక అనే పిల్ల ఉంది. పదేళ్ళుగా ఈయన దగ్గరే నేర్చుకుంటోంది. "నీ కాలికి లయ లేదు, గజ్జె కట్టడం మానెయ్" అని ఆ పిల్లని అనేశారట. ఆ పిల్ల ఆ రోజే మానేసింది. తర్వాత ఇంకో పిల్లకీ తప్పింది. మూడో పిల్లకీ తప్పింది.

"ముగ్గురికీ ఒకేసారి లయ పోదు కదమ్మా. పోయింది నా చేతికని అప్పుడు తెలిసింది. లయ పోయినవాడు పాఠం చెబితే పాపం" అన్నారాయన.

మేడం డాక్టరులా అడగడం మొదలుపెట్టింది.

"పాఠం మొదలెట్టాక ఎంతసేపటికి తప్పుతోందండీ?"

"ఓ ఇరవై నిమిషాలకి. వయసు కదా, చెయ్యి అలిసిపోతోంది."

"ఎప్పట్నుంచి ఇలా?"

"కార్తీకం వెళ్ళాక."

"ఆ రోజుల్లో దీనికి అప్‌డేట్ ఏమన్నా వచ్చిందాండీ?"

"ఏదో వచ్చిందమ్మా. మనవరాలు నొక్కింది."

"మరి మిషన్ని అనుమానించలేదేంటండీ మీరు?"

ఆయన నవ్వారు. "ఆడలేక మద్దెల ఓడు అంటారమ్మా. చిన్నప్పుడు ఆ మాటంటూనే మా నాన్న చెవి మెలేసేవారు. లయ తప్పితే తప్పు మనిషిది, వాద్యానిది కాదు. డెబ్బై ఏళ్ళొచ్చాక ఇప్పుడు మద్దెల మీద నేరం వెయ్యమంటావా?"

మేడం వాదించలేదు. "నాలుగు రోజులు ఉంచి వెళ్ళండి. అప్పటికీ తుడవమంటే తుడుస్తాం" అని పంపేసింది. ఆయన గుమ్మం దిగగానే "ఇందులో ఒక్క ఫైలు కూడా ముట్టుకోకు" అని నాకు చెప్పింది.

మర్నాడు సామాన్ల కోసం మేడం వన్ టౌన్ వెళ్ళింది. నేను ఊరుకోవచ్చు కదా. మాస్టారి లాప్‌టాప్ నుంచి షాపులో ఇంకో లాప్‌టాప్‌కి వీడియో కాల్ పెట్టి, చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడుతూ చూశాను. ఇరవై నిమిషాలకి అడుగుభాగం పెనంలా కాలింది, తెర మీద నా చెయ్యి ఒక దారి, చప్పుడు ఒక దారి. వేడికి పాడయ్యేదాన్ని ఏం చెయ్యాలో మన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఒకరు నేర్పాలా? పక్కనే చెరుకురసం బండి ఉంది. ఐసు ముక్క అడిగి తెచ్చి, సన్నగా కొట్టి, కవర్లో పోసి మూతి బిగించి కట్టి, చందువ చేపలకి పరిచినట్టు ట్రేలో సమంగా పరిచాను. పైన తువ్వాలు వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టాను.

అన్నయ్యా, నలభై నిమిషాలు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. నాకు నేనే పెద్ద ఇంజనీరులా కనిపించాను. అప్పుడు తెర ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. ఎత్తి చూస్తే కింద రేకంతా చెమట పట్టినట్టు నీళ్ళు, గాలి పోయే కంతల్లోకి జారుతున్నాయి. ఐసు మీది చేపకి తడి తగిలితే మంచిదే, దీనికి తగలకూడదని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు తువ్వాళ్ళ కోసం పరిగెత్తాను.

ఇంకో సంగతి, నీకొక్కడికే చెబుతున్నాను, అమ్మకి చదవకు. ఆ పాఠాలు పోతే పోయాయి, ఆయన తుడిచెయ్యమన్నవే కదా, ఎవరికి తెలుస్తుంది అని ఒక్క నిమిషం నాకు దుర్బుద్ధి పుట్టింది. మేడం లోపలికి రావడం చూసేసరికి ఆ బుద్ధి నిలవలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసి ఏడ్చాను.

ఆవిడ సంచి కూడా దించకుండా వెనక మూత విప్పి బ్యాటరీ తీగ పీకేసింది. పాఠాలుండే డిస్కు తీసి వేరే దాంట్లో పెట్టి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు కూర్చుంది.

"బియ్యం డబ్బాలో పెడదామా మేడం?" అన్నాను.

"బియ్యం అన్నానికమ్మా. దీన్ని ఫ్యాన్ కింద పెట్టు, రెండు రోజులు ముట్టుకోకు" అంది. అది పెట్టాక, "ఐసు మీద ఎంతసేపు నడిచిందన్నావు?" అని అడిగింది.

"నలభై నిమిషాలండి."

"ఒక్కసారి కూడా తప్పలేదా?"

"లేదండి."

"నువ్వు చేసింది తప్పుడు పనే. కానీ చల్లగా ఉన్నంతసేపూ తప్పలేదంటే, ఆయన చేతికేం కాలేదన్నమాట" అంది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. వెంటనే మాస్టారికి ఫోన్ చేసింది. "మా షాపులో పొరపాటు జరిగిందండీ, మేం దాన్ని ఐసు మీద పెట్టాం, తడిసింది. పాఠాలు భద్రంగా ఉన్నాయి, మిషన్ మాత్రం రెండు రోజులు ఆరాలి" అని చెప్పింది. "మేం" అంది. నా పేరు ఎత్తనే లేదు. ఆ రోజు నుంచి ఆవిడ కోసం ఏ పనైనా చెయ్యాలనిపిస్తుంది నాకు.

ఆరాక అది మామూలుగానే లేచింది, నా అదృష్టం. అసలు రోగం ఏమిటంటే, ఆ అప్‌డేట్ వచ్చాక దాని ప్రాసెసర్‌కి మునుపటి కంటే ఎక్కువ కరెంటు లాగడానికి అనుమతి దొరికింది. మొదట్లో జోరుగా పరిగెడుతుంది, కాలిపోతుంది, కాలాక భయపడి బాగా తగ్గిపోతుంది, చల్లారాక మళ్ళీ పరుగు. దానికి తోడు ఫ్యాన్లో ఏళ్ళ దుమ్ము, లోపల వేడి లాగే పేస్టు ఎండి పెచ్చులు. దుమ్ము దులిపి, కొత్త పేస్టు రాశాం. "ఇప్పుడు ఇంకాస్త కరెంటు ఇస్తే ఇంకా స్పీడుగా నడుస్తుందేమో మేడం" అన్నాను. ఆవిడ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ హద్దుని పెంచలేదు, తగ్గించింది. "మాస్టారికి కావలసింది స్పీడు కాదమ్మా, ఒకే నడక" అంది. నీకు తెలియంది కాదు. ఎదురు పోటులో ఇంజన్ని పూర్తిగా లాగితే కాలి నడిసముద్రంలో ఆగుతుంది, సగానికి పెడితే ఇంటికి చేరుస్తుంది.

మాస్టారు వచ్చారు. మేడం ముందు లాప్‌టాప్ చూపించలేదు. తన ఫోన్‌లో లయ లెక్క పెట్టే యాప్ తెరిచి, చప్పుడు తీసేసి, దెబ్బదెబ్బకీ దీపం మాత్రం వెలిగేలా పెట్టి, నా చేతికిచ్చి ఆయన వెనక నన్ను నిలబెట్టింది. "ఒకసారి తాళాలు పట్టుకుని జతి చెప్పండి మాస్టారూ, అరగంట. చెయ్యి అలిసేదాకా" అంది. ఆయన వద్దన్నారు, మళ్ళీ వద్దన్నారు, చివరికి కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. షాపులోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు. ఆయన నడకకి దీపాన్ని కలిపి, నేను దాని వంకే చూస్తున్నాను. అరగంటలో ఆ దీపం, ఆ తాళం ఒక్కసారి కూడా విడిపోలేదు. నాకు నాట్యం గురించి ఏమీ తెలియదు అన్నయ్యా, కానీ ఒళ్ళు పులకరించింది.

తర్వాత గంటసేపు లాప్‌టాప్‌లో కాల్ నడిపించాం. లోపలి గదిలో దీపం చూస్తూ నేను గ్లాసు మీద కొట్టాను, ఆయన ఇవతల తెర మీద చూశారు. మొదట్లో ఎంత ఆలస్యమో చివర్లోనూ అంతే.

"చూశారా మాస్టారూ, తప్పు మీది కాదు" అంది మేడం.

ఆయన సంతోషిస్తారనుకున్నాం. ఆయన మొహం పాలిపోయింది. తాళాలు సంచిలో పెట్టుకుని, ఫోన్ తీసి నాకిచ్చారు. "హారిక అని ఉంటుందమ్మా, కలుపు" అన్నారు. ఆయన ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతారు.

"అమ్మా, నేను మాస్టార్ని. ఆ రోజు నీ పాదం సరిగ్గానే పడింది. తప్పు నీది కాదు. నిన్ను అనరాని మాట అన్నాను" అన్నారు, అందరి ముందూ, డెబ్బై ఏళ్ళ మనిషి.

అవతల నుంచి ఆ పిల్ల గొంతు వచ్చింది.

"గజ్జెలు ఎవరికీ ఇవ్వలేదండి మాస్టారూ. కట్టుకుని రానాండీ?"

అన్నయ్యా, ఇక రాయలేను. అమ్మకి, నాన్నకి నా పాదనమస్కారాలు చెప్పు. వదినని అడిగానని, పిల్లల్ని ముద్దాడానని చెప్పు. వేట నిషేధం మొదలయ్యేలోపు మనవాళ్ళెవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపించు, మేడంకి ఇష్టం, గదిలో పిల్లకి తెలియకుండా షాపులోనే దాస్తాను. ఈ పని నాకు వంటబట్టాలని మీరందరూ దీవించండి.

నీ చెల్లెలు,
నాంచారి