మీ అమ్మ దిద్దించిన బొమ్మ

స్టెల్లా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. చదవవని తెలిసినా, ఇది నీకే చెప్పాల్సిన సంగతి.

మన బొమ్మలు గీసేవాళ్ల ఫోన్ గ్రూపులో నేను పెట్టినవన్నీ ఎవరివో ఫోటోలు చూసి ట్యాబ్‌లో దించినవే. అందరూ మెచ్చుకునేవాళ్లు. నువ్వు మాత్రం, "లైన్లు బాగుండాయి. దీంట్లో నీది యాడుండాది?" అన్నావు. నాకు కోపం వచ్చి నీతో మాట్లాడడం మానేశాను. నెల తిరక్కుండానే జ్వరంతో పోయావు.

మొన్న ఆండర్సన్‌పేటలో మీ అమ్మ కనిపించి, గోడకు పెట్టుకోవడానికి నీ బొమ్మ గీసిమ్మంది. చూసి గీద్దామంటే మంచి ఫోటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ మా ఫోటోలు తీసేదానివే కదా. గుర్తున్నంత మటుకు గీసి, మా ఫ్యాక్టరీ సెలవు రోజున ట్యాబ్ మీ ఇంటికి పట్టుకెళ్లాను.

"ముక్కు ఇట్ల లేదమ్మా, ఇంగొంచెం వంకర," అంది మీ అమ్మ. చెరిపి గీశాను. మధ్యాహ్నం దాకా ఆమె చెబుతూనే ఉంది, నేను మారుస్తూనే ఉన్నాను. చివరికి ట్యాబ్ తెర మీద నీ చెంపపై వేలు పెట్టింది. వేలు తగిలి బొమ్మ తెర మీద పక్కకు జారిపోయింది. ఇద్దరం నవ్వాం.

సాయంత్రం గ్రూపులో పెట్టాను. ఏ ఫోటో చూసి గీశావక్కా అని ఒక కొత్తమ్మాయి అడిగింది. ఫోటో లేదు, వాళ్లమ్మ నా పక్కన కూర్చుని దిద్దించింది అని రాశాను.