కూర్చోబెట్టడం శిక్ష కాదు

హనుమకొండ,
9-11-1981

ధర్మసాగర్‌లో ఉన్న సమ్మమ్మ అక్కకు, మీ స్వరూప చదివే బడిలోని డ్రిల్లు సారు నమస్కరించి రాసేది.

మొన్నటి ఖోఖో మ్యాచు నడుస్తుండగా మీరు గీత దాటి లోపలికి వచ్చి, "అందరు ఉరుకుతాంటే నా బిడ్డను మట్టిల కూసోబెట్టిండ్రు, అదేం తప్పు జేసింది సారూ?" అని స్వరూపను రెక్క పట్టి లేపుకుపోయారు. అక్కా, అది శిక్ష కాదు. ఖోఖోలో తరిమే జట్టులో ఒకరే ఉరుకుతారు, మిగతా ఎనిమిది మంది కూర్చుంటారు. వెనక నుంచి "ఖో" అన్నప్పుడే లేవాలి. మీ బిడ్డంత ఓపికగా కూర్చుని, లేస్తే అంత వేగంగా ఉరికే పిల్ల నా దగ్గర ఇంకొకరు లేరు.

మిమ్మల్ని చూసి మల్లక్క కూడా తన కూతురిని మాన్పించింది. తొమ్మిది మంది ఆటకు ఏడుగురే మిగిలారు. వచ్చే ఆదివారం కాజీపేట పిల్లలతో మ్యాచు ఉంది. మీరిద్దరూ పిల్లలను తీసుకుని రండి. పోయినసారి మిమ్మల్ని ఎండలో నిలబెట్టడం నా తప్పే. ఈసారి హెడ్మాస్టరు గదిలోంచి రెండు కుర్చీలు తెప్పించి, గీతకు చాలా దూరంగా వేయిస్తాను.

ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది స్వరూపే కనుక, ఇక తనకు రెండు మాటలు. స్వరూపా, ఇవి కూడా మింగేయకుండా పైకి చదువు. "నా బిడ్డను కెప్టెన్ చేస్తేనే పంపుతా" అని మీ అమ్మ పేరుతో నాకు వచ్చిన ఉత్తరమూ, మీ అమ్మకు జ్వరమని నెలనెలా నువ్వు తెచ్చే సెలవు చీటీలూ ఒకే చేతిరాతలో ఉన్నాయి. సరే, కెప్టెన్‌వి నువ్వే. అయినా కూర్చోవాల్సిందే.