హైమ చూసిన దీవి

కాకినాడ,
గురువారం.

చిరంజీవి హైమకు నాన్న ఆశీస్సులు.

మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పదకొండు రోజులు నీళ్ళు తప్ప ఏమీ లేవని, పన్నెండో రోజు పొద్దున్నే నీ డ్యూటీలో దీవి కనిపించిందని, ఓడలో అందరికంటే ముందు నువ్వే చూశావని రాశావు. ముందు మబ్బు తునక అనుకున్నావట, తర్వాత కొండ, ఆ తర్వాత పచ్చదనం. దీవి గురించే మూడు పేజీలు! మీ అమ్మ వాటిని వీధంతా చదివి వినిపించింది. ఎదురింటి లోవలక్ష్మి గారు "మీ అమ్మాయి అదృష్టవంతురాలండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకూతురి మీద అసూయ ఏంటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా మంట చల్లారలేదు.

"నువ్వు మొదటిసారి చూసిన దీవి కూడా ఇలాగే ఉందా నాన్నా?" అని అడిగావు. పైగా నాలుగో పేజీలో, వచ్చే ప్రయాణానికి ఇంట్లోవాళ్ళలో ఒక్కరిని ఓడలోకి రానిస్తారని, "నువ్వు ఎన్నో చూసేశావుగా, అమ్మని తీసుకెళ్తాను" అని రాశావు. ఆ పేజీ, దాంతో వచ్చిన ఫారం మీ అమ్మ కంటపడకుండా దాచేశాను. అవును, దాచాను.

ఫోన్‌లో అయితే మళ్ళీ ఏవో కోతలు కోసేస్తానని ఇలా రాస్తున్నాను. హైమా, నేను ఏ దీవినీ చూడలేదమ్మా. ఇరవై రెండేళ్ళు ఓడ అడుగున ఇంజను గదిలోనే ఉన్నాను. పైన ఎవరో "అదిగో!" అని అరిస్తే, చేతుల జిడ్డు తుడుచుకుని మెట్లెక్కేసరికి మళ్ళీ నీళ్ళే. నీకు అన్నం తినిపిస్తూ చెప్పిన దీవులన్నీ పైన కాపలా కాసే చిట్టియ్య చూసినవి. వాడు చెప్పేవాడు, నేను నావి చేసుకున్నాను. వాడన్నా కుళ్ళే నాకు.

నిన్న ఉండబట్టలేక ఆ పేజీ మీ అమ్మ చేతిలో పెట్టాను.

"నేను వెళ్తే అక్కడ ఏం చూడాలండీ?" అంది సంబరంగా.

"నాకేం తెలుసు? నేనెప్పుడైనా చూస్తేగా!"

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసులెండి. మీ దీవిలో ఓసారి కొబ్బరి చెట్లు, ఓసారి ఒట్టి రాళ్ళు. పిల్ల నమ్ముతోందని ఊరుకున్నాను."

ఫారం మీద తన పేరు రాయబోయి, నా ముఖం చూసి, నా పేరు రాసింది. "గోదారి దాటించే పంటు ఎక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి" అంది. పంటు మీద వేరుశనగకాయలు తింటూ దర్జాగా కూర్చునే మనిషి! అబద్ధాలు నా దగ్గరే నేర్చుకుంది.

వద్దు, నువ్వే వెళ్ళు అని మీ అమ్మతో అనాల్సింది. సిగ్గు లేకుండా వస్తున్నాను.

తల్లీ, దీవి కనిపించాక పిలవకు. కనిపించకముందే పిలువు.

ఇట్లు,
నిన్ను చూసి కుళ్ళుకుంటున్న
నీ నాన్న